ఇటలీ గాలి

కిందటి వారం మా వీధికి మలేరియా వాళ్ళు వచ్చారు. ఖాకీ నిక్కర్లు, భుజాలకు తగిలించుకున్న పంపులు, చేతిలో జేగురురంగు డబ్బా. ఇంటింటికీ వచ్చి గోడల మీదా, దూలాల సందుల్లోనూ, మంచాల కిందా ఆ తెల్లటి ఘాటు నీళ్ళు చిమ్మి, పోతూ పోతూ వీధి తలుపు పక్కన ‘మలేరియా’ అని ఎర్రగా రాసి, దాని కింద తారీఖు వేసి వెళ్ళారు. సున్నం వేసి నెల కాలేదని మా కోడలు గొణుక్కుంది. నేను మాత్రం అరుగు మీద కూర్చుని ఆ అక్షరాల వంక చూస్తూ పైకే నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానని కోడలు అడిగితే, ఇటలీవాళ్ళ మాట ఇన్నాళ్ళకు మన గోడెక్కిందే అన్నాను. ముసలావిడకు ఎండదెబ్బ తగిలిందనుకుందో ఏమో, లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మజ్జిగ తాగాను గానీ నా మతికేమీ కాలేదు. ఈ మలేరియా అనే మాట పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలిసినంత బాగా కాశీబుగ్గలో మరొకరికి తెలియవని బల్లగుద్ది చెప్పగలను. పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాళ్ళు ఉంటారేమో. కానీ ఆ మాటకున్న అర్థం ఒక మనిషి కాపురాన్ని కూల్చబోవడం, మళ్ళీ అదే అర్థం ఆ కాపురాన్ని నిలబెట్టడం కళ్ళారా చూసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. చలిజ్వరం వస్తే మూడు బొంతలు కప్పి, మనిషి ఎగిరిపడకుండా పైన మరో మనిషి కూర్చున్న రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి కాబట్టి మీతోనే చెప్పుకుంటున్నాను.

మాది టెక్కలి. నాన్న అక్కడ బడిపంతులు. ఆడపిల్లనైనా నాకు చదవడం రాయడం నేర్పాడు. మా అమ్మ తమ్ముడు విశాఖపట్నంలో ఇంగ్లీషు వైద్యం చదివి వచ్చి, టెక్కలి బజారులో ఒక గది తీసుకుని సీసాలు పేర్చుకుని కూర్చున్నాడు. మేమంతా డాక్టరుమావ అనేవాళ్ళం. మంచి చెయ్యి, మంచి మనసు, కాకపోతే ఒక్క వ్యసనం ఉండేది: ఏ జబ్బు పేరు చెప్పినా ఆ పేరు ఏ దేశంలో పుట్టిందో, ఎవరు పెట్టారో చెప్పనిదే మందు కలిపేవాడు కాదు. కలరా అంటే పిత్తం నుంచి వచ్చిన మాటని చెప్పేదాకా కలరా రోగి ఆగాలి. మొదటి యుద్ధం ముగిసే రోజుల్లో ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టిన ఇన్‌ఫ్లుయెంజా మాటను కూడా ఇటలీవాళ్ళే పుట్టించారట, నక్షత్రాల ప్రభావం అని దానికి అర్థమట. అది విని మా తాత, అయితే నువ్వూ మన జ్యోతిష్కుడూ ఒకటే చదువు చదివారన్నమాట, వాడు ఊళ్ళోనే చదివాడు, నువ్వు విశాఖపట్నం దాకా పోయావు, అని ఏడిపించాడు. డాక్టరుమావకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

నన్ను ఉద్దానంలో ఒక తోటల ఇంటికి ఇచ్చారు. ఉద్యానం అనే మాటే నోట్లో నలిగి ఉద్దానమయిందని కూడా డాక్టరుమావే చెప్పాడు, నన్ను కాపురానికి దిగబెట్టేటప్పుడు బండిలో; నేను ఏడుస్తున్నానని కూడా చూసుకోలేదు మహానుభావుడు. కానీ ఆ మాట నిజం. కాశీబుగ్గ దాటి బండి ఇసుక దారి పట్టేసరికి, ఎటు చూసినా కొబ్బరి, దాని నీడన పనస, పక్కన జీడి, మధ్యమధ్య మునగ. ఆకుల మధ్య నుంచి సముద్రం హోరు వినిపించేదే గానీ సముద్రం కనిపించేది కాదు. మా అత్తవారికి తోటలూ కొద్దిగా వరిపొలమూ ఉండేవి. ఇంట్లో మామగారు, అత్త, మా బావగారు, ఆయన భార్య, మావారు, నేను. బావగారి భార్యను నేను అప్ప అని పిలిచేదాన్ని. మా వైపు అక్కను అప్ప అంటాం, ఆడపిల్లను గుంట అంటాం.

అప్పది మందస అవతల కొండల మొదట ఉన్న ఊరు. ఎలాంటి మనిషో చెప్పాలంటే, ఆ ఇంట్లో అందరికీ వడ్డించి చివర్న తను కూర్చున్నప్పుడు చట్టిలో కూర లేకపోతే, లేదని కూడా అనేది కాదు. ఉప్పు వేసుకుని అంబలి తాగి లేచిపోయేది. నాకు ఒళ్ళు మండేది. టెక్కలి బజారు నీళ్ళు తాగినదాన్ని, నాకు కావలసింది నేను అడిగేదాన్ని, అడిగి తిట్లు తినేదాన్ని, తిట్లతోపాటు కూర కూడా తినేదాన్ని. నువ్వూ అడగవచ్చు కదా అప్పా అంటే, నవ్వి ఊరుకునేది. నోట్లో నాలుక లేదనేవారు ఊళ్ళో అందరూ. అత్త మాత్రం అదే పెద్ద గుణమని పదిమందిలో మెచ్చుకునేది, నా వంక చూస్తూ.

నేను కాపురానికి వెళ్ళిన మరుసటి ఏడు, వానలు వెనకబట్టాక, అప్ప తన తమ్ముడి పెళ్ళికని పుట్టింటికి వెళ్ళింది. తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు చలిజ్వరం పట్టుకుంది. రోజు మార్చి రోజు, మధ్యాహ్నం పొద్దు వాలే వేళకు, ఎవరో వచ్చి పిలిచినట్టు ముందు ఆవులింతలు, తర్వాత గోళ్ళు నీలమవడం, ఆ పైన వణుకు. పళ్ళు పటపటా కొట్టుకుంటుంటే వీధరుగు దాకా వినిపించేది. నులకమంచం మంచమంతా కదిలేది. కాసేపటికి ఒళ్ళు పెనంలా కాలి, ఏవేవో మాటలు పలవరించి, చీర పిండుకునేంత చెమట పట్టి వదిలేసేది. మర్నాడు చూస్తే మామూలుగా లేచి పేడనీళ్ళు చల్లుతూ కనిపించేది. సరిగ్గా ఈ మర్నాడే అప్ప కొంప ముంచింది. జబ్బయితే మంచాన పడెయ్యాలి గాని, చెప్పిన వేళకు వచ్చి, చెప్పిన వేళకు పోయి, ఒక రోజు సెలవు తీసుకునేది జబ్బెలా అవుతుందని మా అత్త అనుమానం. ఇప్పుడు మనం నవ్వుకుంటాం గానీ, ఆలోచిస్తే అందులో తర్కం లేకపోలేదు. వేళ తెలిసి వస్తోందంటే దానికి బుద్ధి ఉందనే కదా అర్థం, బుద్ధి ఉందంటే అది మనిషో, మనిషి పోయాక మిగిలినదో అయి ఉండాలి. కొండల మొదట్లో, పెళ్ళి సందట్లో, పొద్దుపోయి ఏ చెరువు గట్టు మీదో నడిచి ఉంటుంది, అక్కడ గాలి సోకి ఉంటుందని ఊరంతా తేల్చేశారు.

గాలి సోకడమంటే ఏమిటో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. జబ్బు మనిషిని ఎవరూ వదలరు. గాలి పట్టిన మనిషిని ఎవరూ ఉంచుకోరు. అందులోనూ అప్పకు అప్పటికి పిల్లల్లేరు. గురువు చేత గాలి దింపించి చూద్దాం, దిగకపోతే పుట్టింటికి పంపేద్దాం, పెద్దాడికి మరో సంబంధం చూద్దాం అని మామగారు అరుగు మీద కూర్చుని మామూలుగా, కొబ్బరికాయల దింపు గురించి మాట్లాడినట్టే మాట్లాడారు. సంబంధం కూడా అప్పటికే ఎవరి నోటనో వచ్చింది. బావగారు తల వంచుకుని పీచు తాడు పేనుతూ కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. తండ్రి ఎదుట నోరెత్తడమన్నది ఆయనకు పుట్టుకతో రాలేదు, అంతే. భార్యాభర్తలిద్దరికీ కలిపి దేవుడు ఒక్క నాలుకైనా ఇవ్వలేదని నాకు కోపం.

నాకు నాలుక ఉంది కాబట్టి నేను మావారిని నిద్రపోనివ్వలేదు. ఆయన తెల్లవారి బండి కట్టుకుని పలాస స్టేషనుకు పోయి, రైలెక్కి నౌపడలో దిగి, టెక్కలి వెళ్ళి డాక్టరుమావను వెంటబెట్టుకు వచ్చారు. కోటూ బూట్లూ తోలుసంచీతో డాక్టరుమావ మా వాకిట్లో దిగేసరికి ఊరు ఊరంతా అరుగుల మీదికి వచ్చేసింది. అప్ప మంచాన్ని నడవలో తలుపు వారగా వేశాం. ఆయన నాడి చూశాడు, కనురెప్ప లాగి చూశాడు, ఎడమ డొక్క నొక్కి చూసి తల పంకించాడు. తర్వాత చేతులు కడుక్కుని అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. మామగారు, అత్త, ఊరి పెద్దలు నలుగురూ చుట్టూ చేరారు. ఏం జబ్బు బాబూ అని అడిగారు. మలేరియా అన్నాడు. అక్కడితో ఆపి ఉంటే నాకు ఈ కథే లేదు.

"ఇది ఇటలీవాళ్ళు పెట్టిన పేరండీ. మల్ అంటే చెడ్డ, ఆరియా అంటే గాలి. చెడ్డగాలి అన్నమాట" అని, తన అలవాటు కొద్దీ, వింటున్నవాళ్ళు ఆశ్చర్యపోవడానికని ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలోనే జరగవలసిందంతా జరిగిపోయింది. "సూసినారా, నాను సెప్పినాను కానా! డాకట్రుబాబే సెప్పీసినాడు, సెడ్డగాలేనంట!" అని అత్త గుండెలు బాదుకుంది. ఇటలీవాళ్ళకు కూడా తెలిసిపోయిందంటే ఇది మామూలు గాలి కాదని ఒక పెద్దాయన అన్నాడు. అరుగు మీది మాట వీధిలోకి, వీధిలో మాట తోటల్లోకి పాకిపోయింది. ఆ గోల మధ్య డాక్టరుమావ తన పాఠం మాత్రం మానలేదు. పూర్వం రోమునగరం చుట్టూ ఊబినేలలుండేవనీ, వాటి మీది చెడుగాలి పీల్చడం వల్లే జ్వరం వస్తుందని అక్కడివాళ్ళు భ్రమపడి ఆ పేరు పెట్టారనీ, అది వట్టి తప్పనీ, ఊబిలో పుట్టే దోమ కుట్టడమే అసలు కారణమని తర్వాత తేలిందనీ, తప్పని తెలిసినా పేరు మాత్రం మిగిలిపోయిందనీ, క్వినైను అనే చేదుమందు విడవకుండా వేసుకుని, పైన పాలు తాగి, మంచానికి దోమతెర కట్టుకుంటే తగ్గిపోతుందనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎంత బాగా చెప్పాడో! ఒక్కడంటే ఒక్కడు వినలేదు.

మందు బిళ్ళల సీసా అత్త చేతిలో పెట్టి, జాగ్రత్తలు చెప్పి ఆయన బండెక్కాడు. అత్త ఆ సీసాను తీసుకుపోయి తన పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుంది. జబ్బుకు మందిస్తారు గాని గాలికి మందిస్తే అది రెచ్చిపోతుందని ఆవిడ భయం. నేను అడిగాను, వాదించాను, ఏడ్చాను. మీ మావ నోటితోనే గాలన్నాడు కదే, నీకింకేటి కావాల అని ఒక్కటే మాట. ఏం చెప్పను? అన్నాడు, నిజమే. ఎవరైనా కావాలని అబద్ధం చెబితే తిప్పికొట్టవచ్చు గానీ, నిజం చెప్పి కొంప ముంచినవాణ్ణి ఏం చేస్తాం?

గాలి దింపే గురువు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చేవాడు. వలలు వేసే కుటుంబమే, పెద్దతనం వచ్చాక ఈ విద్య పట్టాడు. పెద్ద మీసాలు, మెత్తని మాట, పసిపిల్లలకు దిష్టి తీస్తే కల్లు కూడా పుచ్చుకునేవాడు కాదు. అలాంటివాణ్ణి తిట్టడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. జ్వరం వచ్చే రోజు చూసుకుని, వచ్చే వేళకు ముందుగానే వాకిట్లో ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, గుగ్గిలం పొగ వేశాడు. ఆ పొగకు గాలి సంగతేమో గాని దోమలు మాత్రం ఊరు దాటిపోయి ఉంటాయి. అప్పను తీసుకొచ్చి ముగ్గులో కూర్చోబెట్టాం. ఎంత తేలికగా ఉందో మనిషి, ఎత్తిన నా చేతులకు ఎముకలే తగిలాయి. ఇవాళ దిగకపోతే రేపు బండి కట్టిస్తానని మామగారు పొద్దున్నే అనేశారు, అది అప్పకు కూడా వినబడింది. నేను స్తంభాన్ని పట్టుకుని నిలబడి, ఈ ఒక్కరోజుకు జ్వరం రాకుండా ఉంటే చాలు దేవుడా అని మొక్కుకున్నాను. వచ్చింది. వేళ తప్పడమన్నది దానికి తెలియదు కదా.

అప్ప వణకడం మొదలుపెట్టగానే గురువు వేపమండలతో తట్టి, "ఎవులు నువ్వు? కొండదానివా, గట్టుదానివా, ఒడ్డుదానివా? ఏ ఊరు నీది? సెప్పు!" అని గద్దించాడు. అప్ప తల వాల్చేసింది. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగేసరికి తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ కొట్టుకునే పళ్ళ మధ్య నుంచి మాట ముక్కలై బయటికి వచ్చింది.

"ఇ... ట్ట... లీ."

గురువు చేతిలో వేపమండ ఆగిపోయింది. ఆయనకు మహేంద్రగిరి గాలులు తెలుసు, కాలువ గట్టు గాలులు తెలుసు, సముద్రంలో పడవ మునిగి పోయినవాళ్ళ గాలులైతే పేరుపేరునా తెలుసు. ఈ ఊరెక్కడిదో తెలియలేదు. "ఇట్టలీయా? ఏటది, ఇచ్చాపురం అవతలా? ఒడియా గాలేటి?" అని చుట్టూ చూశాడు. బరంపురం దగ్గరేమోనని ఎవరో అన్నారు. అప్పుడు ఆయన చూపు నా మీద పడింది. "పంతులుగారి గుంటా, సదువుకున్నదానివి, ఇట్టలీ ఏ పక్కనుందో నువ్వు సెప్పు" అన్నాడు.

ఆ క్షణం దాకా నాకూ తల తిరిగిపోతూనే ఉంది. అప్ప వంక చూశాను. అప్ప నా వంక చూడటం లేదు, ముగ్గు వంక చూస్తోంది. ఆ రోజు డాక్టరుమావ చెప్పిన పాఠం ఇటలీ నుంచి దోమతెర దాకా చివరంటా విన్న మనిషి, తలుపు వారగా నులకమంచం మీద పడి ఉన్న ఈ మనిషొక్కతేనని నాకప్పుడు తట్టింది. గొంతు సవరించుకుని, ఇటలీ సముద్రానికి అవతల ఉందనీ, ఓడెక్కి వెళ్ళాలనీ, తెల్లవాళ్ళ దేశమనీ చెప్పాను. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు, కావలిస్తే పటం తీసి చూసుకోండి. మా అత్త వెంటనే అందుకుంది. "ఔను గురువా, డాకట్రుబాబు సెప్పినాడు, ఈ గాలికి ఇట్టలీవోలే పేరెట్టినారంట!" దాంతో సాక్ష్యం కూడా గట్టిపడింది. డాక్టరుమావ పాఠం మధ్యలో ఆగి మాకు చెడుపు చేసిన ఆ క్షణమే ఇప్పుడు మా పక్క నిలబడి సాక్ష్యం చెబుతోందని నాకు నవ్వు ముంచుకొచ్చి, కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు.

గురువు కాస్త మర్యాదగా, పైఊరి అధికారితో మాట్లాడినట్టు, ఏమి కావాలని అడిగాడు. "కోడి కావాలా? సీర కావాలా?"

అప్ప తల అడ్డంగా ఊపింది. వణుకుతూనే, ఆగి ఆగి చెప్పింది. "కోడి వొద్దు. పెట్టిలోన తాళమేసి దాసిన సేదుమందు కావాల. ఏలకేల కావాల. దాని మీద పాలు కావాల. దోమలు రాకుండా మంచం సుట్టూ తెర కావాల." అత్త చెయ్యి దానంతటదే మొలలోని తాళంచెవి మీదికి పోయింది. ఇంకేమిటని గురువు అడిగాడు. "ఈ గుంటని ఈ ఇంట్లోంచి పంపిత్తే నానీ ఇల్లు ఇడిసి ఎల్లను. ఇంకో గుంటని తెత్తే దానికి పడతాను."

ఆ మాటకు మామగారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. పిల్లనిచ్చే సంబంధం వాళ్ళ పెద్దమనిషి ఒకాయన చూడవచ్చినవాళ్ళలో ఉన్నాడు. ఆయన మెల్లగా చెప్పులు వెతుక్కోవడం నేను చూశాను. గురువు వేపమండ కింద పెట్టేశాడు. తర్వాత, ఇది మన గాలి కాదు, సముద్రం దాటి వచ్చింది, దీని మంత్రం నా దగ్గర లేదు, అడిగింది దాని దేశం మందే కాబట్టి ఇచ్చేయడమే మంచిదని తీర్పు చెప్పాడు. తనకు తెలియనిదాన్ని తెలియదని పదిమందిలో ఒప్పుకున్న మనిషి కాబట్టే ఆయనను తిట్టడానికి మనసొప్పదన్నాను. ఆ తీర్పు విని అందరికంటే ముందు కదిలినవాడు మా బావగారు. తల్లి ముందు చెయ్యి చాపి, తాళమివ్వమ్మా అన్నారు. ఆయన నోరు తెరిచి తల్లిని ఏదైనా అడగటం అదే మొదటిసారేమో, అత్త తెల్లబోయి ఇచ్చేసింది.

ఆ రోజు నుంచి మా అత్త ఆ మందు ఇవ్వడంలో చూపిన శ్రద్ధ ఏ ఆసుపత్రిలోనూ చూపరు. దేవుడికి నైవేద్యం పెట్టినట్టు స్నానం చేసి, తడిచీరతో బిళ్ళ చేతిలో వేసి, మింగేదాకా నిలబడి చూసి, పాలు తాగించేది. నాలుగు రోజులకు అప్ప చెవుల్లో హోరుమంటోందంది. క్వినైను వేసుకుంటే ఎవరికైనా చెవులు హోరెత్తుతాయి. కానీ అత్తకు అది గాలి చెవుల్లోంచి బయటికి పోతున్న చప్పుడు. ఎంత సంబరపడిందో! తెర సంగతికొస్తే, దోమతెర అన్న వస్తువును ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. వలల సంగతి తనకొదిలేయమని గురువు తమ పల్లె నుంచి చేపల వలల్లోకెల్లా సన్నకన్నుది, నెత్తళ్ళు పట్టే వల ఒకటి మోసుకొచ్చి, మంచం చుట్టూ దగ్గరుండి కట్టాడు. ఇల్లంతా నీచువాసన. దోమలు తీరుబడిగా రావడం పోవడం చూసి, నా పెళ్ళినాటి పలచటి మల్లు చీరలు రెండు విప్పి జతచేసి కుట్టి నేనే తెర కట్టాను. అయినా గురువు మనసు నొచ్చుకోకూడదని వలను కూడా పైన అలాగే ఉంచాం.

జ్వరం తగ్గింది. ముందు వేళ తప్పింది, తర్వాత వణుకు తప్పింది, తర్వాత రావడమే మానింది. మళ్ళీ సంక్రాంతి పంటలు ఇంటికొచ్చేసరికి అప్ప ఎప్పటిలా అందరికీ వడ్డించి చివర్న కూర్చుంటోంది. ఆ పైఏడు కొడుకు పుట్టాడు, తర్వాత మరో ఇద్దరు. ఇక ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చలిజ్వరానికి పేరే మారిపోయింది. ఎవరికి వణుకు వచ్చినా, ఇట్టలీ వచ్చినాది, ఎల్లి మందు తెచ్చీయండి అనేవారు. తపాలా ఆఫీసులో క్వినైను పొట్లాలు అమ్మే రోజులవి, ఉద్దానం నుంచి ఇట్టలీ మందు అడుగుతూ వస్తున్నారని కాశీబుగ్గ పోస్టుమాస్టరు ఆశ్చర్యపోయేవాడట. ఈ సంగతంతా విని డాక్టరుమావ మొదట మండిపడ్డాడు, సైన్సును భూతవైద్యుడి పాలు చేశారన్నాడు. తర్వాత ఉద్దానం రోగులు వచ్చినప్పుడల్లా తనే ముందుగా, ఇది ఇటలీది సుమా, మందు మానితే ఊరుకోదు అని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు మాత్రమే మందు మధ్యలో ఆపకుండా వేసుకుంటున్నారని నాతో ఒప్పుకున్నాడు కూడా. తప్పని తెలిసిన పేరును అంత పెద్ద చదువులవాళ్ళే మార్చకుండా ఉంచుకున్నప్పుడు, మేము మాత్రం ఎందుకు మార్చుకోవాలి?

అప్పను నేను చాలా ఏళ్ళ దాకా ఆ సంగతి అడగలేదు. అత్తామామలు ఇద్దరూ వెళ్ళిపోయాక, మాకు జుట్టు నెరిసిపోయాక, ఒక ఎండాకాలం ఇద్దరం పెరట్లో కూర్చుని పనసకాయ కోస్తున్నాం. చేతులకు నూనె రాసుకుని, జిగురు తుడుచుకుంటూ, ఉన్నట్టుండి అడిగేశాను. ఆ రోజు వాకిట్లో మాట్లాడింది నువ్వా అప్పా, గాలా అని. అప్ప తొన తీసి గింజ వేరు చేసి పళ్ళెంలో పెట్టి, ఎప్పటి నవ్వే నవ్వి, నింపాదిగా అంది.

"నానైతే ఎవులింటారే, సెల్లీ?"

అంతే, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చేతిలో కత్తి పట్టుకుని నేను ఏడ్చానని ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అప్ప పోయి మూడేళ్ళు దాటింది, ఆ తర్వాతే నేను కాశీబుగ్గలో కొడుకు దగ్గరికి వచ్చేశాను. ఆవిడ మనవరాలు ఇక్కడే మా వెనక వీధిలో కాపురముంటోంది. దాని నోరు వింటే మా అత్త స్వర్గంలో కూడా చెవులు మూసుకుంటుంది. కాఫీ కావాలంటే కాఫీ, ఒంట్లో బాగోలేదంటే డాక్టరు, మనసు బాగోలేదంటే సినిమా, అడిగిందంటే అయిపోవాల్సిందే. మొగుడి మీద అరిస్తే మా అరుగు దాకా వినిపిస్తుంది. అందరూ దాన్ని గయ్యాళి అంటారు, నాకు మాత్రం ఎంత విన్నా తనివి తీరదు. మొన్న అది వచ్చినప్పుడు గోడ మీది అక్షరాలు చూపించి, దీన్ని మన ఉద్దానంలో ఏమంటారే అని అడిగాను. మలేరియాని మలేరియా అనక ఇంకేమంటారు నానమ్మా అంది. ఇట్టలీ అన్న మాటే ఎన్నడూ వినలేదట. ఆ తెల్లనీళ్ళకు దోమలు పోతున్నాయి, జ్వరం పోతోంది, వాటితోపాటు మా మాటా పోయింది. పోనీ, దాంతో ఇప్పుడెవరికీ పనిలేదు. ఈ పిల్ల తనకు కావలసింది వీధి వినేలా అడుగుతుంది. మా అప్ప ఒక గ్లాసెడు పాలు అడగాలంటే మాత్రం అంత దూరం నుంచి, సముద్రం దాటి, గాలి రావలసి వచ్చింది.